పసిబిడ్డల కొరకు బడి పెట్టిన కాపరి: ఓబర్లిన్ పాదిరి జీవితము

ధ్యాన భాగము: లూకా 2:40–52



మన ప్రభువు బాల్యమును గూర్చి లూకా వ్రాసినది బహు కొద్ది. అయినను ఆయన తక్కిన బిడ్డలవలెనే పెరిగెననియు, దినదినము తెలివిలో ముందుకు సాగెననియు, బోధకుల మధ్య కూర్చుండి వినుచు ప్రశ్నలడిగెననియు మరువక తెలియజేసెను. సర్వము ఎరిగిన ప్రభువే మెట్టు వెంబడి మెట్టు ఎక్కి నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు. కాబట్టి పలకమీద అక్షరములు దిద్దుచున్న బిడ్డ పనిని మనము చులకనగా చూడరాదు. పసిబిడ్డల చదువును దైవసేవలో ఒక భాగముగా ఎంచిన ఒక పల్లెటూరి కాపరి చరిత్రను ఈ నెల మీ ముందుంచుచున్నాము.

జాన్ ఫ్రెడరిక్ ఓబర్లిన్ 1740 ఆగస్టు 31న ఫ్రాన్సు దేశపు తూర్పు అంచునున్న స్ట్రాస్‌బర్గ్ పట్టణములో జన్మించెను. ఆయన తండ్రి ఉపాధ్యాయుడు. ఓబర్లిన్ అక్కడనే దైవశాస్త్రము చదివి, 1767లో వాల్డెర్స్‌బాక్ అను కొండ పల్లెకు కాపరిగా వెళ్లెను. ఆ సేవా ప్రాంతములో ముఖ్యమైన ఊళ్లు ఐదు. నేల రాతినేల, చలికాలము దీర్ఘము, దారులు లేవు. జనులు మాటలాడు యాస పొరుగువారికి తెలియదు. పట్టణములో పెరిగి చదువుకొనిన వాడెవడును కోరుకొను చోటు కాదది.

ఆ కొండలలో చదువు ఎట్టి స్థితిలో నుండెనో తెలుపు ఒక కథ కలదు. ఓబర్లిన్‌కు ముందు అక్కడ సేవచేసిన స్టూబర్ అను కాపరి 1750లో మొదట వచ్చినప్పుడు, బడి ఏదని అడిగి ఒక గుడిసెకు వెళ్లెనట. పిల్లలు అల్లరి చేయుచుండగా ఒక ముసలివాడు మంచముమీద పడియుండెను. బోధకుడవు నీవేనా అని అడుగగా అవుననెను. ఏమి నేర్పుచున్నావని అడుగగా ఏమియు లేదనెను. కారణమడుగగా, తనకే ఏమియు రాదనెను. అతడు అంతకుముందు ఊరి పందులను కాచెడివాడు. ముసలితనము వచ్చి ఆ పనికి పనికిరాకపోగా, ఊరివారు పిల్లలను కాచుటకు పెట్టిరి. ఈ కథ విని నవ్వు వచ్చును గాని, అందులో దుఃఖము కూడ ఉన్నది. పందులను కాచుటకు బలము కావలెననిరి. బిడ్డలను కాచుటకు ఏమియు అక్కరలేదనుకొనిరి.

స్టూబర్ మంచి పునాది వేసెను. ఓబర్లిన్ దానిమీద కట్టెను. ఆయన క్రొత్త బడి ఇల్లు కట్టుదమనగానే ఊరివారు ఎదురు చెప్పిరి. ఖర్చు తమ నెత్తిన పడునని వారి భయము. దాని భారము వారిమీద పడదని ఆయన మాట ఇచ్చినమీదట మాత్రమే ఒప్పుకొనిరి. పట్టణములోని స్నేహితుల సహాయముతోను, తన స్వంత సొమ్ముతోను ఆయన పని సాగించెను. కొన్ని సంవత్సరములలో ఊరూరను బడి ఇల్లు లేచెను.

అయితే ఓబర్లిన్ మరియొక కొరతను కనిపెట్టెను. తలిదండ్రులు పొలమునకు పోగా, బడి ఈడు రాని పసివాండ్రు వీధిలో దిక్కులేక తిరుగుచుండిరి. వారిని గూర్చి ఎవరికిని చింత లేదు. ఇట్లుండగా బెల్మాంట్ అను ఊరిలో సారా బాంజే అను పడుచు, ఎవరును అడుగకయే, ఇరుగుపొరుగు పిల్లలను తన యింట చేర్చి ఊలు అల్లిక నేర్పుచున్నదని ఆయనకు తెలిసెను. ఆమె గొప్ప చదువు చదివినది కాదు, ధనవంతురాలు కాదు. ఆమె తండ్రికి కూడ మొదట ఈ పని నచ్చలేదు. కాని కాపరి అందులో దేవుని చేతిని చూచెను. 1769లో ఆమెకు జీతము ఏర్పరచి ఆ పనిలో నియమించెను. ఆయన భార్య మడలేన్ కూడ ఈ పనిలో తోడ్పడెను. లోకములో పసిబిడ్డల బడులకు ఇది మొదటి మాదిరులలో ఒకటియని చరిత్రకారులు చెప్పుదురు.

ఆ బడిలో పని ఎట్లు జరిగెనో వినుడి. వెచ్చని గదిలో రెండు మొదలు ఆరేండ్ల బిడ్డలు చేరుదురు. వారిని చూచుటకు ఇద్దరు స్త్రీలు. ఒకరు చేతిపని నేర్పుదురు, ఒకరు ఆటపాటలతో బోధింతురు. మిక్కిలి చిన్నవారిని ఆడనిచ్చి, నడుమ నడుమ కొంతసేపు నెమ్మదిగా కూర్చుండుట అలవాటు చేయుదురు. ఐదారేండ్లవారు అల్లుట, వడకుట, కుట్టుట నేర్తురు. చేతులు అలసినప్పుడు బైబిలు కథల పటములను, జంతువుల పటములను, మొక్కల పటములను చూపి వివరింతురు. పిల్లలు విన్నదానిని మరల తమ నోట చెప్పవలెను. కీర్తనలు పాడుదురు. యాస విడిచి మంచి ఫ్రెంచి మాటలు పలుకుట ఇట్లే అలవడెను.

భూగోళము కూడ దగ్గరనుండియే మొదలు. ముందు తమ లోయ పటము, తరువాత ఫ్రాన్సు దేశపు పటము, అటుతరువాత యూరపు ఖండపు పటము. పెద్ద బడికి వచ్చిన పిల్లలు అడవికి వెళ్లి మొక్కలు ఏరి తెచ్చి వాటి పేర్లు నేర్చుకొందురు, వాటిని తమ చిన్న తోటలలో నాటుదురు, బొమ్మలు గీయుదురు. వారమునకొకసారి అన్ని ఊళ్ల పిల్లలు వాల్డెర్స్‌బాక్‌లో కూడి, నేర్చిన పాటలు పాడి, పాఠములు అప్పగించెడివారు. ఎవరు ఎంత ముందుకు సాగిరో కాపరికి ఆ దినమున తెలియును. యౌవనులు మొదటిసారి ప్రభుబల్లకు చేరుటకు సిద్ధపడునప్పుడు, రెండు చెట్లు నాటితిమని రుజువు చూపవలెనని కూడ ఆయన నియమించెను. వాక్యము నేర్చినవాని చేయి నేలకు మేలు చేయవలెనని ఆయన ఉద్దేశము.

ఈ పని కన్నీళ్లు లేక సాగలేదు. సారా బాంజే 1774లో చిన్న వయస్సుననే మరణించెను. 1783లో మడలేన్ తల్లిలేని ఏడుగురు బిడ్డలను విడిచి ప్రభువునొద్దకు పోయెను. అప్పుడు లూయీస్ షెప్లర్ అను పడుచు ఆ యింటి భారమును ఎత్తుకొనెను. ఆమె 1779లో, కౌమారప్రాయములోనే, ఆ యింట పనిపిల్లగా చేరినది. ఆమె పసిబిడ్డల బడులలో కూడ పాటుపడుచుండెను. తనకు జీతము వద్దనియు, తనను ఇంటి బిడ్డగా ఎంచవలెననియు కాపరిని వేడుకొనెను. మంచులో, వానలో ఊరూరికి నడచి పిల్లలకు బోధించెను. 1829లో ఫ్రెంచి అకాడమీ ఆమెకు సద్గుణ బహుమానము నిచ్చి గౌరవించెను.

ఫ్రాన్సులో విప్లవము చెలరేగినప్పుడు ఆరాధనలు ఆగిపోయెను. 1794లో ఓబర్లిన్‌ను నిర్బంధించి, కొద్దికాలమునకు విడిచిరి. ఆ సంవత్సరమే దేశ ప్రతినిధుల సభ విద్యకొరకు ఆయనయు స్టూబరును చేసిన సేవను కొనియాడెను. రోడ్డు వేయుటకు గునపము పట్టి తానే ముందు నడచిన ఆ కాపరి, సుమారు 59 సంవత్సరములు ఆ కొండలను విడువక, 1826 జూన్ 1న నిద్రించెను. ఫూడే గ్రామములో ఆయనను సమాధి చేసిరి. 1833లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో వెలసిన ఒక ఊరికిని, కళాశాలకును ఆయన పేరు పెట్టిరి. వాల్డెర్స్‌బాక్‌లో ఆయన కాపురమున్న గృహము నేడు ఆయన జ్ఞాపకార్థమైన ప్రదర్శనశాలగా నున్నది.

ప్రియులారా, ఈ చరిత్రలో మనము గుర్తించవలసినది ఒకటి కలదు. ఆ లోయ మార్పునకు ఆధారమైనవారిలో పట్టణపు పండితులు మాత్రమే కాదు, అల్లికసూది పట్టిన పల్లె పడుచులును ఉండిరి. కాపరి చేసిన గొప్ప పని వారిని గుర్తించి, గౌరవించి, నిలువబెట్టుటయే. మన ఊరిలో అంగన్‌వాడీలో పసివాండ్రను కూర్చుండబెట్టి పాట నేర్పు తల్లిని, ఆదివారపు బడిలో పటము చూపి కథ చెప్పు చెల్లెలిని, ఒంటరిగా తరగతులన్నిటిని నడుపు పంతులుగారిని మనము ఎట్లు చూచుచున్నాము? చేతకానివారికిచ్చు పని అని ఎంచినచో, ఆ ముసలి కాపలాదారుని బడి మన యొద్దనే యున్నదన్నమాట.

సాయంకాలము బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు, నేడేమి నేర్చితివని అడుగుడి. నేర్చినది ఒక్క అక్షరమైనను, ఒక్క చెట్టు పేరైనను, మరల చెప్పించి వినుడి. పత్తి తీతకనియు, మిరప కోతకనియు బడి మాన్పింపకుడి. నజరేతు ఇంటిలో పెరిగిన బాలుడు మన బిడ్డల ప్రతి చిన్న మెట్టును ఎరుగును. ఆయనే వారిని చేయిపట్టి నడిపించునుగాక. ఆమేన్.