కంచెయు చేనును: మెచ్నికాఫ్ జీవితము

పంటచేనికి కంచె కావలెను. ఆ కంచెయే చేను మేయ మొదలిడినచో ఇక కాపాడువారెవరని మన పెద్దలు ప్రశ్నింతురు. మానవ దేహమునందును అట్టి కంచె యొకటి కలదు. అది ప్రేగుల లోపలి పొర. దాని కావల కోటానుకోట్ల సూక్ష్మజీవులు. ఈవల రక్తము, మాంసము. నడుమ నున్నది ఒకే వరుస కణములు, వాని వెనుక కాపున్న రక్షక కణములు. ఆ రక్షక కణముల పని యెట్టిదో లోకమునకు తెలిపి, అవియే యొకనాడు ఇంటికి ముప్పు తేగలవని కూడ శంకించిన శాస్త్రజ్ఞుడు ఇల్యా మెచ్నికాఫ్.

ఆయన 1845వ సంవత్సరము మే నెలలో ఖార్కివ్ నగర ప్రాంతమున జన్మించెను. నేడు ఉక్రెయిన్ దేశమున నున్న ఆ నగరము నాడు రష్యా సామ్రాజ్యములోనిది. ఖార్కివ్ విశ్వవిద్యాలయమున 4 సంవత్సరముల చదువును 2 సంవత్సరములలో ముగించి, 1867లో 22 ఏండ్లకే ఒడెస్సా విశ్వవిద్యాలయమున అధ్యాపకుడయ్యెను. చురుకైన బుద్ధితోపాటు మిక్కిలి సున్నితమైన మనస్సు ఆయనది. 1869లో ల్యూద్మీలాను వివాహమాడు నాటికే ఆమెను క్షయవ్యాధి పీడించుచుండెను. నడువ శక్తి లేని వధువును కుర్చీలో కూర్చుండబెట్టి చర్చికి మోసికొనిపోవలసి వచ్చెను. ఎన్ని చికిత్సలు చేయించినను ఫలితము లేక 1873లో ఆమె మరణించెను. ఆ శోకమున మెచ్నికాఫ్ ప్రాణత్యాగమునకు సైతము పాల్పడి, ఎట్లో బ్రదికి బయటపడెను. 1875లో ఓల్గా ఆయన ఇల్లాలై, కడవరకు తోడునీడగా నిలిచెను.

1881లో జారు చక్రవర్తి హత్యకు గురియైన పిమ్మట రష్యా విశ్వవిద్యాలయములలో ప్రశాంతత కరవయ్యెను. మరుసటి సంవత్సరము మెచ్నికాఫ్ ఉద్యోగము వదలుకొని, కుటుంబముతో సిసిలీ ద్వీపమునందలి మెస్సీనా పట్టణము చేరెను. ఒకనాడు ఇంటిల్లిపాది సర్కసు చూడబోగా తానొక్కడు సూక్ష్మదర్శినికడ కూర్చుండి, నక్షత్రాకారముగల ఒక సముద్ర ప్రాణి పిల్లను పరీక్షించుచుండెను. గాజువలె పారదర్శకమైన ఆ దేహములో కొన్ని కణములు అటునిటు సంచరించుచుండెను. ఇవి శత్రువు నెదిరించు కాపరులు కావచ్చునను ఊహ ఆయన మనస్సున మెరసెను. వెంటనే తోటలోని గులాబీ ముండ్లు తెచ్చి ఆ ప్రాణి చర్మము క్రింద గ్రుచ్చెను. ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు. తెల్లవారి చూడగా ఆ కణములు గుమిగూడి ముల్లును చుట్టుముట్టియుండెను. వానికే ఫాగోసైటులు, అనగా భక్షక కణములు, అను పేరు వచ్చెను.

ఈ సిద్ధాంతమును జర్మనీ పండితులు పెక్కుమంది అంగీకరింపలేదు. దేహమును రక్షించునది రక్తములోని ద్రవ పదార్థములే కాని కణములు కావని వారి వాదము. 1888లో లూయీ పాశ్చర్ తన పారిస్ పరిశోధనాలయమున మెచ్నికాఫ్‌నకు స్థానమిచ్చి ఆదరించెను. ఇరువది యేండ్ల వాదప్రతివాదముల పిదప, 1908లో నోబెల్ బహుమానము ఆయనకును, ద్రవ పదార్థముల పక్షము వహించిన పాల్ ఎర్లిక్‌నకును కలిపి ఈయబడెను. ఇరువురును సత్యమున చెరియొక భాగము చూచినవారే. ఒడెస్సాలో మెచ్నికాఫ్ శిష్యుడైన హాఫ్కిన్, 1893లో కలరా టీకాతో మన దేశమునకు వచ్చినవాడే.

ఆయన దృష్టిని ప్రేగులవైపు మరల్చినదియు కలరాయే. 1892లో ఫ్రాన్సున ఆ వ్యాధి ప్రబలినపుడు మెచ్నికాఫ్ కలరా క్రిములను తానే త్రాగెను. ఆయనకేమియు కాలేదు. అట్లే త్రాగిన మరియొకడు చావు తప్పి బయటపడెను. ఒకే క్రిమి ఒకని విడిచి మరియొకని ఏల పట్టవలెను? ప్రేగులలో ముందే కాపురమున్న సూక్ష్మజీవులలో కొన్ని కలరా క్రిమికి తోడ్పడుననియు, కొన్ని దాని నడ్డగించుననియు ఆయన నిర్ణయించెను.

అచటనుండి ఆయన ఊహ మరింత దూరము సాగెను. పెద్దప్రేగున క్రుళ్లుపుట్టించు క్రిముల విషము రక్తమున కలియుట వలననే ముదిమి వచ్చుననియు, ఆ విషముచే బలహీనమైన కణములను భక్షక కణములే తినివేయుననియు ఆయన తలచెను. పులిసిన పాలలోని క్రిములు ఆ చెడు క్రిములను అణచునని నమ్మి, దానిని ప్రతిదినము సేవించి లోకమునకు బోధించెను. పెద్దప్రేగు మనుష్యునకు నిరుపయోగమనియు వ్రాసెను. ఆ కాలమున కొందరు శస్త్రవైద్యులు పెద్దప్రేగును కోసి తీసివేయుటకు సైతము సాహసించిరి. మహానుభావుని పొరపాటు సామాన్యుని పొరపాటుకంటె దూరము ప్రయాణించును. ప్రపంచ యుద్ధము సాగుచుండగా 1916 జూలై 15న, 71వ యేట, మెచ్నికాఫ్ పారిస్‌లో మరణించెను. ఆయన చితాభస్మము పాశ్చర్ పరిశోధనాలయ గ్రంథాలయమునందే భద్రపరుపబడెను.

ఆయన తరువాత శాస్త్రము చాల ముందునకు నడచెను. పెద్దప్రేగు నిరుపయోగము కాదు. అచటి సూక్ష్మజీవులు మనము తిను పీచు పదార్థమును మార్చి ప్రేగుల పొరకే ఆహారము సమకూర్చును. పెరుగు మంచి ఆహారమే కాని, అది ఆయుర్దాయమును పెంచునని ఋజువు కాలేదు. ప్రేగుల పొరలోని కణములు 3 నుండి 5 దినములలో కాలము తీరి రాలిపోవుచుండును. రాలిన చోట ఇరుగుపొరుగు కణములు దగ్గరకు జరిగి, బీటువారకుండ ఆ సందును మూయును. లోపల మిగిలిన మృతకణములను భక్షక కణములు చడిచప్పుడు లేకుండ మ్రింగివేయును. ఇట్లు క్రమబద్ధముగా జరుగు కణమరణమునకు 1972లో అపోప్టోసిస్ అను పేరు పెట్టిరి. ఈ చావు కంచెకు చేటు కాదు; నిత్యము కంచెను క్రొత్తది చేయు మార్గము.

రక్షక కణముల ఆగ్రహము హద్దు మీరినపుడే చిక్కు వచ్చును. అవి వెలువరించు టీఎన్ఎఫ్ వంటి పదార్థములు అధికమైనచో, పుట్టు కణములకంటె చచ్చు కణములు ఎక్కువగును. కంచెలో గండ్లు పడును. ఆ గండ్ల గుండా సూక్ష్మజీవులు లోనికి చొరబడును. వానిపై రక్షక కణములు మరింత విజృంభించును. క్రోన్స్ వ్యాధిలో ప్రేగులను పుండ్లపాలు చేయునది ఇట్టి విషచక్రమే. టీఎన్ఎఫ్‌ను అదుపుచేయు మందు 1998 నుండి ఆ రోగులకు ఊరట నిచ్చుచున్నది.

విషము పుట్టు చోటు విషయమున మెచ్నికాఫ్ పొరబడెను. కాపరియే కీడు చేయవచ్చునను శంకలో పొరబడలేదు. ఆయన నిర్ణయములు కొన్ని రాలిపోయినవి. ఆయన వేసిన ప్రశ్నలు నిలిచినవి. విద్యార్థులు ఆయన జీవితమునుండి గ్రహింపవలసినది ఇదియే. శాస్త్రమునకు మహాపురుషుల సమాధానములకంటె, వారు ముల్లు గ్రుచ్చి నిద్ర లేక తెల్లవారువరకు ఎదురుచూచిన ఓర్పే అధిక ధనము.