పట్టు వీడని పరిశోధకుడు

మనం నడుస్తాం, పరుగెత్తుతాం, బరువులెత్తుతాం. ఈ పనులన్నిటికీ కండరాలు కదలాలి. కండరం కదలడానికి శక్తి కావాలి. ఆ శక్తి కండరంలో ఏ రూపంలో నిలవ ఉంటుంది? అవసరమైన క్షణంలో ఎలా అందివస్తుంది? 1920లలో ఎందరో శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నలకు సమాధానం వెదుకుతూ ఉండేవారు. సమాధానం సాధించిన కొద్దిమందిలో అమెరికాలో చదువుకుంటున్న ఒక తెలుగు విద్యార్థి కూడా ఉన్నారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. వారిది కలిగిన కుటుంబం కాదు. సుబ్బారావు చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పారు. మద్రాసు చేరి, అక్కడి హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడోసారి గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఆ రోజుల్లోనే కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరితో ఆయనకు వివాహం జరిగింది. మామగారు చదువు ఖర్చులకు ఆదుకున్నారు.

అది స్వాతంత్ర్యోద్యమ కాలం. సుబ్బారావు గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ఆచార్యునికి అది నచ్చలేదు. ఫలితంగా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అంతలో ఇంటిమీద పిడుగు పడింది. కొద్ది రోజుల తేడాలో ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఈ వ్యాధి వచ్చినవారికి తిన్నది ఒంటబట్టదు. రక్తం క్షీణిస్తుంది. మనిషి నానాటికి చిక్కిపోతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. వైద్యం చదివి కూడా సోదరులను కాపాడుకోలేకపోయానన్న బాధ సుబ్బారావును వదలలేదు. ఇటువంటి వ్యాధుల మూలాలను తెలుసుకోవాలనే తపన ఆయనలో బలపడింది.

మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పిన తరువాత, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధులను గురించి చదివే అవకాశం వచ్చింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు కలిసి ప్రయాణానికి ధనసహాయం చేశారు. శేషగిరి అప్పుడు గర్భవతి. భర్త చదువు ముగించుకొని తిరిగి వస్తారని ఆమె ఇంటివద్ద ఉండిపోయింది. సుబ్బారావు ఒంటరిగా ఓడ ఎక్కారు.

బోస్టన్ నగరంలో ఆయనకు కొత్త కష్టాలు ఎదురయ్యాయి. ఎల్.ఎం.ఎస్. పట్టాను అక్కడి ఆసుపత్రులు గుర్తించలేదు. వైద్యుడిగా పనిచేసే వీలు లేకపోయింది. పొట్ట గడవడానికి ఆయన ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరారు. పని ఏదైనా చిన్నతనంగా భావించలేదు. ఆ సంపాదనతో చదువు సాగించారు.

ఇంటినుంచి కబుర్లు ఓడల మీద రావాలి. ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. కొడుకు పుట్టాడన్న సంతోషవార్త అలాగే వచ్చింది. తరువాత మరో వార్త వచ్చింది. ఆ బిడ్డ పసితనంలోనే కన్నుమూశాడు. సముద్రాల కావల ఉన్న తండ్రి బిడ్డను ఒక్కసారైనా ఎత్తుకోలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి పక్కన ఆ సమయంలో భర్త లేడు.

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత సుబ్బారావు హార్వర్డ్ వైద్య విద్యాలయంలోని జీవరసాయన శాఖలో డాక్టరేట్ విద్యార్థిగా చేరారు. ఆ శాఖకు అధిపతి ఓటో ఫోలిన్. ఆయన శాఖలోనే పనిచేసే సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు పరిశోధన ప్రారంభించారు. రక్తంలోను, ఇతర శరీర ద్రవాలలోను భాస్వరం ఎంత ఉందో కొలిచే మంచి పద్ధతి కనుగొనడం వారి మొదటి పని. పరీక్షించవలసిన ద్రవంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎక్కువగా ఉంటే రంగు చిక్కగాను, తక్కువగా ఉంటే పలుచగాను ఉంటుంది. రంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరాన్ని లెక్కకట్టవచ్చు. 1925లో వారు ఈ పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది దేశదేశాల ప్రయోగశాలల్లో దశాబ్దాల తరబడి వాడుకలో ఉంది.

ఇదే పద్ధతితో కండరంలోని భాస్వరాన్ని కొలవబోతే చిక్కు వచ్చిపడింది. రక్తం విషయంలో వెంటనే వచ్చే నీలిరంగు కండరం విషయంలో ఆలస్యంగా, నెమ్మదిగా చిక్కబడసాగింది. మొదట చూసినప్పుడు ఒక లెక్క, కొంతసేపటికి చూస్తే మరో లెక్క. ఇలాంటప్పుడు ఎవరికైనా పద్ధతిలోనే లోపం ఉందనిపిస్తుంది. లెక్కలను పక్కన పెట్టి మరో పని చూసుకోవాలనిపిస్తుంది.

సుబ్బారావు, ఫిస్కే అలా చేయలేదు. రంగు ఎందుకు ఆలస్యమవుతున్నదో తెలుసుకోవడానికి మళ్లీమళ్లీ ప్రయోగాలు చేశారు. చివరకు కారణం దొరికింది. కండరంలోని భాస్వరంలో కొంతభాగం విడిగా లేదు. అది క్రియాటిన్ అనే మరో పదార్థంతో కలిసి ఉంది. ఆ కలయిక చాలా నాజూకైనది. పరీక్షలో వాడే ఆమ్లం తగలగానే అది కొంచెం కొంచెంగా విడిపోతున్నది. అందులోని భాస్వరం బయటపడిన కొద్దీ రంగు చిక్కబడుతున్నది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం అలసినప్పుడు ఇది తగ్గుతుంది. విశ్రాంతి తీసుకుంటే తిరిగి తయారవుతుంది. 1927లో ఈ విషయం లోకానికి వెల్లడైంది. లోపమనుకోదగినదే గొప్ప ఆవిష్కరణకు దారి చూపింది.

ఆలస్యం చేసి ఉంటే ఈ పేరు మరొకరికి పోయేది. ఆ సమయంలోనే లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా కండరంలో ఇటువంటి పదార్థం ఉన్నదని గుర్తించారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరం నుంచి ఏ.టి.పి. అనే మరో పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని కనుగొన్నారు. జీవకణాలలో శక్తిని అందించే పదార్థంగా ఏ.టి.పి.ని నేడు ప్రతి జీవశాస్త్ర పుస్తకంలో చదువుకుంటున్నాం.

1930లో సుబ్బారావుకు డాక్టరేట్ లభించింది. కాని హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనాలయంలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ వ్యాధికి ఇది మందుగా పనిచేసింది. సోదరులను కాపాడలేకపోయిన మనిషి, పాతికేళ్ల తరువాత అదే వ్యాధికి మందు అందించారు. మన తీరప్రాంతాలను పీడించిన బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్ మీద మొదటగా పనిచేసిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశక ఔషధం ఆయన నాయకత్వంలో జరిగిన కృషి ఫలితాలే.

1948 ఆగస్టులో, 53 సంవత్సరాల వయసులో సుబ్బారావు అమెరికాలోనే మరణించారు. ఓడ ఎక్కిన నాటినుంచి ఆయన మళ్లీ మాతృదేశంలో అడుగు పెట్టలేదు. శేషగిరి ఎదురుచూపు ఫలించలేదు. భార్యాభర్తలు తిరిగి కలుసుకోనేలేదు.

భారత ప్రభుత్వం 1995లో ఆయన శతజయంతి సందర్భంగా తపాలా బిళ్ల విడుదల చేసింది. పరీక్ష తప్పినా, పట్టా చిన్నదైనా, ప్రయోగం తారుమారైనా నిరాశ చెందకుండా కారణం వెదకడం ఆయన జీవితం నేర్పే పాఠం. అయితే ఆ విజయాలకు మూల్యం చెల్లించింది ఆయన ఒక్కరే కాదు. సుబ్బారావును స్మరించుకొనే ప్రతిసారీ, ఇంటివద్ద ఒంటరిగా నిలిచిపోయిన శేషగిరిని కూడా గుర్తుంచుకోవడం మన ధర్మం.