ధూర్జటి మహాకవి: పశ్చాత్తాపము, శివానుగ్రహము



సంఘము సమకూడిన వేళ పెద్దల సుగుణములను మాత్రమే కొనియాడుట మనకు వాడుక. తన దోషములను దాఁపక చెప్పుకొని, పలుమాఱు తొట్రుపడియు దైవమును విడువని యొక మహాకవి చరిత్రము నేఁడు స్మరింపఁదగినది. ఆతఁడే ధూర్జటి.

ధూర్జటి పదునాఱవ శతాబ్దివాఁడు. 1509 మొదలు 1529 వఱకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయల యాస్థానమున, అష్టదిగ్గజములలో నొకఁడుగా ప్రసిద్ధి కెక్కినాఁడు. రాజసమ్మానమునకు, భోగమునకు, కీర్తికి ఆతనికి లోటు లేదు. ఆతని పలుకులలోని మాధుర్యమునకు వారకాంతల సాంగత్యమే కారణమని తెనాలి రామకృష్ణుఁడు పరిహాసమాడెనని యొక చాటుకథ వ్యాపించి యున్నది. ఆ కథ సత్యమైనను కాకున్నను, తన మనశ్చాపల్యమును ధూర్జటియే శ్రీకాళహస్తీశ్వర శతకమున నొప్పుకొనినాఁడు.

ఆ శతకము దోషి తన ప్రభువునకు సమర్పించుకొనిన విన్నపము. ఇంద్రియసుఖములు విషతుల్యములని యెఱిఁగియు మనస్సు వాని వెంటనే పరుగిడుచున్నదని కవి వాపోవును. ఆలుబిడ్డల మోహమును, ధనాశను నిందించును. రాజసేవ నరకప్రాయమని గర్హించును. రాజుల కొలువున మన్ననలందినవాఁడే యిట్లు వ్రాయుట గమనింపవలెను. ఒకమాఱు వైరాగ్యము, మఱుమాఱు మోహము, మరల మొఱ: శతకమంతయు నీ తీరుననే నడచును. ఆతఁడు పాండిత్యమును చూపి క్షమ కోరలేదు. శివుని దయనే నమ్ముకొనినాఁడు.

ఆ నమ్మికకు మూలము ఆతని యింకొక కృతియైన శ్రీకాళహస్తి మాహాత్మ్యమునఁ గలదు. నాలుగాశ్వాసముల యీ ప్రబంధమున సాలెపురుగు, పాము, ఏనుఁగు ఏ చదువును లేకయే ముక్తి నందినవి. తిన్నఁడను బోయ తన కన్నునే స్వామి కర్పించినాఁడు. పాండ్యరాజు సభలోని నత్కీరుఁడు పండితగర్వమున శివునితోనే వాదించి, కుష్ఠువ్యాధి పాలై, కైలాసమునకై బయలుదేఱి నానాకష్టములు పడి, తుదకు శ్రీకాళహస్తియందే శాపముక్తుఁడైనాఁడు. శపించినవాఁడే కరుణించెను. పండితుఁడైన ధూర్జటికి ఈ కథ కేవల మితరుల కథగాఁ దోఁచియుండునా?

ఒకప్పుడు చెఱకు బండ్లు బారులు తీరిన బోధను ప్రాంతమున, చెఱకు నలిఁగినఁగాని రసము రాదని పసిబాలురకును తెలియును. ధూర్జటి హృదయమును పశ్చాత్తాపము అట్లే నలిపెను. ఆ రసమే శతకము.

మద్యమును విడుతునని, జూదమును మానుదునని ఒట్టుపెట్టుకొని మరల తప్పినవారు మన యిండ్లలోను గలరు. అట్టివాఁడు సిగ్గుచే గుడిగడప త్రొక్కుట మానును. బంధువులను తప్పించుకొని తిరుగును. తప్పు చేయుట మొదటి పతనము. క్షమకు తాను తగనని దూరమగుట రెండవ పతనము. మొదటిదానికంటె రెండవదియే ప్రమాదకరము. ధూర్జటి మొదటిదానఁ బడెను గాని రెండవదానఁ బడలేదు. పడిన ప్రతిమాఱును ఆ స్వామినే పిలిచెను.

కావున నిజామాబాదు నీలకంఠేశ్వరుని సన్నిధికేఁగు నప్పుడు, తప్పిపోయిన సోదరునిఁ గూడ చేయిపట్టి తోడ్కొని పోవుదము గాక. విషమును కంఠమున నిలిపి లోకమును కాచిన యా స్వామి మన దోషములను క్షమించి రక్షించుఁ గాక!