ఒక ఆట – రెండు వాకిళ్ళు: గ్యారీ గైగాక్స్ జీవితం

ఆటలు ఆడేవాళ్ళు కోకొల్లలు. కొత్త ఆటను సృష్టించి లోకానికి అప్పజెప్పినవారు బహు కొద్దిమంది. వారిలో ఎర్నెస్ట్ గ్యారీ గైగాక్స్ ఒకడు.

1938 జూలై 27న అమెరికాలోని షికాగోలో జన్మించాడు. తండ్రి స్విట్జర్లాండు నుంచి వలస వచ్చిన వయొలిన్ కళాకారుడు. గ్యారీ చిన్నతనంలోనే కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరు చేరింది. హైస్కూలు చదువు మధ్యలోనే ఆగింది. ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం చేస్తూ, బల్లమీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధపుటాటల మోజులో పడ్డాడు. 1968లో తన ఊళ్ళోనే ఆ ఆటగాళ్ళందరినీ ఒకచోట చేర్చి జెన్ కాన్ అనే సభ మొదలుపెట్టాడు. 1970లో ఉద్యోగం ఊడింది. బూట్లు బాగుచేస్తూ సంసారం ఈడ్చాడు. ఆట మాత్రం మానలేదు.

మినెసోటా యువకుడు డేవ్ ఆర్నెసన్ అప్పటికే ఒక కొత్త పద్ధతి నడుపుతున్నాడు. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర ధరించాలి, ఒకడు కథ నడపాలి, పాచికలు ఫలితం తేల్చాలి. ఇద్దరి కృషితో 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వెలువడింది. ఒక పెట్టె, మూడు చిన్న పుస్తకాలు, తొలి ముద్రణ వెయ్యి ప్రతులు.

చిక్కల్లా ఒక్కటే. ఆ నిబంధనలు యుద్ధపుటాటల్లో పండిపోయినవారి కోసం రాసినవి. కొత్తవాడికి తలా తోకా తెలిసేది కాదు. నాడీశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ హోమ్స్ తనంత తానే ముందుకొచ్చి వాటిని సులభంగా కూర్చాడు. అదే 1977 నాటి 'బేసిక్' పెట్టె. మొదటి మూడు స్థాయిలకే పరిమితం. మరోపక్క గైగాక్స్ 1977 నుంచి 1979 వరకు మూడు పెద్ద సంపుటాలుగా 'అడ్వాన్స్‌డ్' రాశాడు. ఊరికో తీరుగా ఆడే ఆటను ఒక క్రమంలో పెట్టాలన్నది ఆయన పట్టుదల.

అయితే బేసిక్ ముగించినవాడు అడ్వాన్స్‌డ్‌లో అడుగుపెడితే కొంత నేర్చినది మరచి మళ్ళీ నేర్వవలసి వచ్చేది. 1981 నాటికి బేసిక్‌కు తనవైన పైతరగతులూ మొదలయ్యాయి. మెట్లు కట్టబోయి రెండు మేడలు కట్టినట్లయింది! అడ్వాన్స్‌డ్ సంపుటాలపై రచయితగా గైగాక్స్ పేరొక్కటే ఉంది. తన రాయల్టీ కోసం ఆర్నెసన్ 1979లో కోర్టుకెక్కాడు. 1981లో రాజీ కుదిరింది గానీ స్నేహానికి పడిన బీట మిగిలింది. విభజన వెనుక విద్యార్థి మేలు ఎంత, వ్యాపారం ఎంత అన్న తర్కం నేటికీ ఆగలేదు.

1985లో కంపెనీ పగ్గాలు గైగాక్స్ చేజారాయి. మరుసటి ఏడు పూర్తిగా బయటికొచ్చాడు. 2000లో కొత్త యాజమాన్యం 'అడ్వాన్స్‌డ్' మాట తీసేసి ఒకే ఆటగా అచ్చువేసింది. 2008 మార్చి 4న లేక్ జెనీవాలోనే ఆయన కన్నుమూశాడు.

కాని 2014లో ఆటను మళ్ళీ తిరగరాసినప్పుడు కొత్తవారికని వేరే పెట్టె తప్పలేదు. ఎంత పెద్ద విద్యకైనా ఓనమాలు కావాలి. ఆ ఓనమాలు పై తరగతికి దారి తీయాలి గాని దారి మళ్ళించకూడదు. పాఠం చెప్పేవారికీ, వినే మనకూ ఈ జీవితం అందించే ఎరుక అదే.