ఉద్యోగం పోయినవాళ్ల పక్షాన నిలబడ్డ మన వి.వి.గిరి గారు

పనిలోంచి తీసేస్తే కార్మికుడికి ఇంత పరిహారం ఇచ్చి తీరాలని మన దేశంలో చట్టం వచ్చినప్పుడు, కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉన్నది ఒక తెలుగాయన. పేరు వరాహగిరి వెంకటగిరి. వి.వి.గిరి అంటే మీకు వెంటనే గుర్తొస్తుంది. బడిలో రాష్ట్రపతుల పేర్లు వరసగా అప్పజెప్పి ఉంటారు, అందులో నాలుగోది ఆయనదే. కానీ ఆ పదవికి ముందు ముప్పై ఏళ్ల పాటు ఆయన చేసిన పని మనలాంటి కూలీనాలీ జనానికి దగ్గరిది. గల్ఫ్‌లో ఉన్న మీరు అది తెలుసుకోవాలి. ఎందుకంటే ప్రాజెక్టు అయిపోయిందని కంపెనీ ఒక లెటర్ చేతిలో పెట్టే రోజు మనలో ఎవరికైనా రావచ్చు.

బరంపురం నుంచి డబ్లిన్‌కి

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. గిరి గారు కూడా లా చదవడానికి 1913లో ఐర్లండ్‌లోని డబ్లిన్ వెళ్లారు.

సరిగ్గా ఆ ఏడాదే డబ్లిన్‌లో పెద్ద గొడవ జరిగింది. యూనియన్‌లో ఉండబోమని సంతకం పెడితేనే పని, లేకపోతే గేటు బయటే అని యజమానులు పట్టుబట్టారు. సుమారు 20 వేల మంది కార్మికులు నెలల తరబడి పని లేకుండా ఉన్నారు. పిల్లల తిండికి కూడా చందాలు పోగు చేయాల్సి వచ్చింది. పని పోతే ఇల్లు ఏమవుతుందో పందొమ్మిదేళ్ల కుర్రాడు అడుగు పెట్టిన ఊళ్లోనే అందరి కళ్ల ముందు జరుగుతోంది. ఐర్లండ్ స్వాతంత్య్రం కోసం కొట్లాడేవాళ్లతో కూడా ఆయనకు పరిచయాలు పెరిగాయి. 1916లో అక్కడ తిరుగుబాటు జరిగాక ఆయన దేశం విడిచి రావాల్సి వచ్చింది.

ఖరగ్‌పూర్ పోరాటం

తిరిగొచ్చి బరంపురంలో వకాల్తా పెట్టారు. కానీ కోర్టులోనే ఉండిపోలేదు. కాంగ్రెస్ ఉద్యమంలో 1922లో జైలుకెళ్లారు. ఆ తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపించారు. మన వాల్తేరు మీదుగా వెళ్లే రైలు మార్గం ఆ కంపెనీదే. దాని పెద్ద వర్క్‌షాపు బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఉండేది. ఉత్తరాంధ్ర నుంచి ఎంతోమంది అక్కడికి పనికి వెళ్లారు. ఇప్పటికీ ఆ ఊళ్లో తెలుగు గట్టిగా వినబడుతుంది. అంటే వాళ్లూ మనలాగే ఊరు వదిలి పనికి పోయినవాళ్లే.

1927లో ఆ వర్క్‌షాపులో కార్మికులను తగ్గించాలని కంపెనీ నిర్ణయించింది. గిరి గారి సంఘం హింస లేకుండా సమ్మె చేసింది. తీసేసిన కార్మికుల కోసం, పనిలో ఉన్న కార్మికులు పని ఆపారు. చివరికి రైల్వే యాజమాన్యం, బ్రిటిష్ ప్రభుత్వం దిగిరాక తప్పలేదు. మన దేశ కార్మిక ఉద్యమంలో దాన్ని పెద్ద మలుపుగా చెప్తారు. 1927లోనే ఆయన జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సదస్సుకు మన కార్మికుల తరఫున వెళ్లారు. లండన్‌లో జరిగిన రెండో రౌండ్ టేబుల్ సమావేశంలో కూడా కార్మికుల ప్రతినిధిగా కూర్చున్నారు.

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ తీసుకున్నారు. క్విట్ ఇండియా రోజుల్లో మళ్లీ జైలు. 1947 నుంచి 1951 దాకా సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, మన దేశ హైకమిషనర్‌గా ఉన్నారు. ఆ సమయంలోనే అక్కడి టీ తోటల్లో తరాలుగా పనిచేస్తున్న లక్షల మంది భారత సంతతి కూలీలకు కొత్త చట్టాలతో పౌరసత్వం, ఓటు లేకుండా పోయాయి. వేరే దేశంలో చెమట ఓడ్చినంత మాత్రాన హక్కు వచ్చేయదని ఆయన కాలంలోనే తేలిపోయింది.

1953 చట్టం

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి, నెహ్రూ గారి ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. మరుసటి ఏడాది బట్టల మిల్లుల్లో సరుకు అమ్ముడుపోక పేరుకుపోయింది. మిల్లులు కార్మికులను ఇంటికి పంపే పరిస్థితి వచ్చింది. అప్పుడు 1953 అక్టోబరులో ముందు ఆర్డినెన్స్, వెంటనే పారిశ్రామిక వివాదాల చట్టానికి సవరణ వచ్చాయి.

ఏడాది సర్వీసు ఉన్న కార్మికుడికి ఆ సవరణ ఏమిచ్చిందో చూడండి. పని లేదని కొన్నాళ్లు కూర్చోబెడితే మూల వేతనం, కరువు భత్యంలో సగం ఇవ్వాలి, ఏడాదికి 45 రోజుల వరకు. పూర్తిగా తీసేస్తే కారణం రాసి నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. పైగా పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారం కట్టాలి. మామూలుగా చివర చేరినవాళ్లను ముందు తీయాలి. మళ్లీ మనుషులు కావాలంటే తీసేసినవాళ్లకే ముందు అవకాశం ఇవ్వాలి.

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించి మార్చింది. అది ఆయనకు నచ్చలేదు. మంత్రి పదవికి రాజీనామా చేసి బయటికొచ్చారు.

తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నర్, 1967లో ఉపరాష్ట్రపతి, 1969లో రాష్ట్రపతి. ఒక బాధాకరమైన విషయం కూడా చెప్పుకోవాలి. 1974 మేలో దేశమంతా రైల్వే సమ్మె జరిగింది. ప్రభుత్వం వేల మందిని జైల్లో పెట్టింది. రైల్వే కార్మికుల నాయకుడిగా ఎదిగిన గిరి గారు అప్పుడు రాష్ట్రపతి భవన్‌లోనే ఉన్నారు. అయినా ఆ కార్మికులకు గెలుపు దక్కలేదు. 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

మరి మన సంగతి?

గిరి గారు నమ్మింది యూనియన్‌ను, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడాన్ని. మనం ఉన్న చాలా చోట్ల ఆ అవకాశం లేదు. మన చేతిలో ఉన్నది కాగితాలు, గడువులే. అందుకే వాటిని జాగ్రత్తగా చూసుకోండి.

యూఏఈలో 2023 జనవరి 1 నుంచి ఉద్యోగం పోయినవాళ్లకు బీమా ఉంది. బేసిక్ జీతం 16 వేల దిర్హాములు లేదా అంతకన్నా తక్కువైతే నెలకు 5 దిర్హాములు కట్టాలి. అంతకన్నా ఎక్కువైతే 10. కట్టే బాధ్యత కంపెనీది కాదు, మీదే. అసలు చేరకపోతే 400 దిర్హాముల జరిమానా పడుతుంది. కనీసం 12 నెలలు వరసగా కట్టి ఉంటే, చివరి ఆరు నెలల సగటు బేసిక్ జీతంలో 60 శాతం, మూడు నెలల వరకు వస్తుంది. బేసిక్ వెయ్యి దిర్హాములైతే నెలకు 600, మొత్తం 1,800. అలవెన్సులు లెక్కలోకి రావు. కాబట్టి కాంట్రాక్టులో బేసిక్ ఎంత రాశారో ఇప్పుడే తీసి చూడండి.

పని పోయిన రోజు నుంచి 30 రోజుల్లోపు క్లెయిమ్ పెట్టాలి. మీరే రాజీనామా చేస్తే రాదు. క్రమశిక్షణ కింద తీసేసినా, కంపెనీ వదిలి పారిపోయారని కేసు ఉన్నా రాదు. కొత్త పని దొరికినా, దేశం వదిలి వెళ్లిపోయినా ఆగిపోతుంది. కాబట్టి కంపెనీ వాళ్లు రాజీనామా కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటే తొందరపడకండి. చదివించుకుని, అర్థం చేసుకున్నాకే పెన్ను పట్టండి.

ఇంకొక మాట. గ్రాట్యుటీ వేరు, ఈ బీమా వేరు. మొదటిది కంపెనీ ఇచ్చేది, రెండోది మీరు కట్టిన బీమా నుంచి వచ్చేది. ఒకటి ఇచ్చారని రెండోది వదులుకోవద్దు.

ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు, డ్రైవర్లకు ఈ బీమా వర్తించదు. సౌదీలో సానెద్ అనే నిరుద్యోగ బీమా ఉన్నా అది ఆ దేశ పౌరులకే. కాబట్టి 1953లో మన దేశంలో జరిగినట్టు, ఇక్కడ కూడా జరగాల్సింది చాలా ఉంది. ఈలోపు ఉన్న హక్కు గడువు దాటి పోకుండా చూసుకోండి. మీ రూమ్‌లో చదవడం రాని అన్న ఎవరైనా ఉంటే, ఆయన బీమా తేదీ కూడా ఈ శుక్రవారం మీరే చూసి పెట్టండి.