వెలుగును చదివిన ఇంజనీరు

రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. 1874లో కెమెరా పట్టారు. కోటలు, గుళ్లు, కొండలు తీస్తూ చివరికి ఆ ఉద్యోగమే వదిలేశారు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1905లో కన్నుమూశారు.

అప్పట్లో ఫోటో గాజు పలక మీద పడేది. ఫోన్‌లోలా వెంటనే చూసుకునే వీల్లేదు. ఎండ ఎప్పుడు ఎటు పడుతుందో ముందే తెలియాలి. మిట్టమధ్యాహ్నం నీడలు కురచబడి కొండలు చదునుగా కనిపిస్తాయి. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో ప్రతి మడతా తేలుతుంది.

ఈ సెలవుల్లో భద్రాచలం వెళితే, గోదావరిని ఒకే చోటు నుంచి మూడు పూటలా పిల్లల చేత ఫోటో తీయించండి. తేడా ఏమిటో వాళ్లనే చెప్పనివ్వండి.