తిక్కన సోమయాజి - అశ్వవిద్య

కొడవలూరునుండి పెన్న దాఁటి నెల్లూరు చేరువారికి తిక్కన సోమయాజిని మేము క్రొత్తగాఁ జెప్ప నక్కఱలేదు. 13వ శతాబ్దిని మనుమసిద్ధికి మంత్రియై, ప్రభువు రాజ్యము కోలుపోఁగా ఓరుగల్లున కేఁగి గణపతిదేవుని సాయము సంపాదించిన ధీమంతుఁ డాయన. భారతమున 15 పర్వములు తెనిఁగించిన కవి.

నాఁడు సేనలకు మేలి హయములు అరబ్బుదేశమునుండి ఓడలపై వచ్చెడివి. ఆ శతాబ్ది తుదిని పాండ్యసీమఁ జూచిన మార్కోపోలో, వేలకొలఁదిగాఁ గొన్న గుఱ్ఱములు పోషణ మెఱుఁగనివారి చేతఁబడి యేఁడాదిలోనే పెక్కు మడియుచుండెనని వ్రాసెను. ధనము కలదు, గుఱ్ఱము మనసు చదువువాఁడు లేఁడు! మంత్రియగు తిక్కన కీ లోటు తెలియకపోదని మా తలంపు.

ఆయన భారతరచన నారంభించిన విరాటపర్వమున నకులుఁడు దామగ్రంథి యను పేర మత్స్యరాజు కొలువు చేరును. హయముల స్వభావ మెఱిఁగి, పొగరు మాన్పి, రోగములు కుదుర్చుట యాతని విద్య. వ్యాసుని మూలమున, విరాటుఁడు కనుఁగొనునప్పటికే యతఁడు గుఱ్ఱములను పరికించుచుండును. ఆ చూపుచేతనే రాజు అతనిని అశ్వవేదిగా గుర్తించెను.